పేరు ఒకటి, మనుష్యులు ముగ్గురు

పెద్ద మనుమనికి తాతగారి పేరు పెట్టుట మన గంజాం తెలుగు ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పోయిన పెద్దవారు మరల మన ఇంటికే వచ్చిరని ఒక తృప్తి. అయితే కోడలు మామగారి పేరు ఎత్తరాదు. అందువలన తన కన్నబిడ్డనే ఆమె 'బాబు' అనియో 'చిన్నోడు' అనియో పిలుచుకొనవలసి వచ్చును. పేరు పెట్టుట, పెట్టిన పేరు పలుకకుండుట, ఈ రెండును కలిసియే మన మర్యాద యైనవి.

మా వంశమున పేర్లు రెండే. ఒకటి జగన్నాథం, రెండవది సింహాచలం. ఉత్తరమున పూరీ స్వామి, దక్షిణమున సింహాద్రి అప్పన్న. నడుమ బరంపురమున మా ఇల్లు. మా పెద్దలు ఇద్దరు దేవుళ్ళలో ఎవరికిని కోపము రాకుండ తరమునకొక పేరు పంచి పెట్టుకొనిరి. ఈ వ్యాసము వ్రాయుచున్న నేను సింహాచలమును. మా నాయనగారు జగన్నాథం. తాతగారు సింహాచలం. ముత్తాతగారు జగన్నాథం. ఆయన తండ్రిగారు సింహాచలం. "మనకు తర్పణమప్పుడు పేర్లు తడుముకోవలసిన పని లేదు" అని మా నాయనగారు నవ్వుచుండెడివారు. ఆ సులువే మమ్ము ఏమరుపాటున పడవేసినదని నాకు తెలిసినది 1998లో.

మా నాయనగారు 1996లో కాలధర్మము చెందిరి. రెండేండ్ల తరువాత ఇంటి పట్టా నా పేర మార్పించుకొనుటకు ఒక కార్యాలయమునకు పోయితిని. 1889లో మా ఇంటిస్థలము కొన్న దస్తావేజులో కొన్నవారు 'సింహాచలం గారి కుమారుడు జగన్నాథం' అని యున్నది. 1955లో దాని ప్రక్క జాగా కొన్న దస్తావేజులోను కొన్నవారు 'సింహాచలం గారి కుమారుడు జగన్నాథం' అనియే యున్నది. అక్కడి ఉద్యోగి రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టుకొని, కొంతసేపు చూచి, "మీ నాయనగారు 1889లో స్థలము కొని 1996 దాక బ్రతికినారా? ఏమి తినేవారు?" అని ఒడియాలో అడిగెను. నవ్వితిని. ఆయనయు నవ్వెను. అయినను వీరు ఇద్దరని తెలుపు కాగితమేదైన తీసికొని రమ్మనెను. ఆయన కోరికలో తప్పు లేదు.

ఒకే పేరుగల ఇద్దరిని వేరుచేయుటకు లోకమున తండ్రి పేరు అడుగుదురు. పేర్లు తరము విడిచి తరమునకు వచ్చు ఇంటిలో ఆ ఉపాయము పనికి రాదు. తాతయు మనుమడును పేరునకు ఒక్కటే. తండ్రి పేరునకును ఒక్కటే. ఇక ఇంటిపేరు ముందు వ్రాసి పొట్టియక్షరముగా కుదించు మన పద్ధతి వేరు, ఇంటిపేరు చివర వ్రాయు ఈ రాష్ట్రపు పద్ధతి వేరు. ఇక్కడి పత్రములలో మన 'రావు'నే ఇంటిపేరనుకొని, అసలు ఇంటిపేరును విడిచిన సందర్భములు మీలో పలువురకు అనుభవమే. పొట్టియక్షరముల సంగతి చెప్పనక్కరలేదు. మన బరంపురమున 1894లో జన్మించి 1969లో రాష్ట్రపతియైన వరాహగిరి వెంకటగిరిగారును 'వి.వి.' యే, ఆయన తండ్రిగారు, న్యాయవాది జోగయ్య పంతులుగారును 'వి.వి.' యే. పర్లాకిమిడిలో వ్యావహారిక భాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారును, కుమారులు సీతాపతిగారును ఇరువురును 'జి.వి.' లే. వారిని విడదీయుటకు అసలు పేరైనను మిగిలియున్నది. మాకు అదియును లేదు.

దిగులు పడితిని గాని, ఈ చిక్కు మా ఇంట పుట్టినది కాదు. ఈ కళింగ దేశము నేలిన గంగరాజులే దీనిలో మాకు పెద్దలు. 1238లో రాజ్యమునకు వచ్చిన నరసింహదేవుడు కోణార్కమున సూర్యదేవళము కట్టించినవాడు. ఆయన కుమారుడు భానుదేవుడు. భానుదేవుని కుమారుడు మరల నరసింహుడు. అతని కుమారుడు మరల భానుడు. ఈ విధముగా 1434 ప్రాంతమున ఆ వంశము ముగియువరకు సుమారు రెండు వందల ఏండ్లలో ఎనిమిదిమంది రాజులు, పేర్లు రెండే. మొదటి నరసింహుడు, రెండవ నరసింహుడు అని మనము పుస్తకములలో చదువుకొందుము. ఆ లెక్క తరువాతి చరిత్రకారులు వేసినది. మొదటి నరసింహుడు తాను మొదటివాడనని ఎరుగడు.

వారి పాలనా సంవత్సరముల లెక్కయు సులువైనది కాదు. దానిని అంకమందురు. అందు ఒకటి లేదు, ఆరు లేదు. ఆరుతో ముగియు అంకెలు లేవు. పది తప్ప సున్నతో ముగియునవియు లేవు. కనుక శాసనములో ఏడవ అంకమని యున్నచో అది రాజునకు ఐదవ సంవత్సరము. శకసంవత్సరము తోడుగా నుండుట వలన పండితులు కాలము తేల్చగలిగిరి. మరియొక ఆనవాలు కూడ ఆ వంశపు రాగిశాసనములలో కలదు. రాజు పేరుతో పాటు రాజమాత పేరు చెప్పుట. మొదటి నరసింహుని తల్లి కస్తూరాదేవి. మొదటి భానుదేవుని తల్లి సీతాదేవి. మగవారి పేర్లు గానుగెద్దు వలె తిరిగిన చోటనే తిరుగుచుండగా, ఆడపడుచులు వేరు ఇండ్లనుండి వచ్చినవారగుటచే వారి పేర్లు వేరువేరుగా నిలిచినవి. ఈ సంగతి ఎప్పుడో చదివితిని. దాని విలువ అప్పుడు తెలియలేదు.

ఇంటికి వచ్చి అటక మీది భోషాణము దింపితిని. అందు తాళపత్ర జాతకములు, పాత పంచాంగములు, ముత్తాతగారి నాటి పద్దు పుస్తకమొకటి దొరికినవి. ఆ పుస్తకమున ఒక పుట అంచున 'ధాత సం. కార్తికములో సింహాచలం గారు స్వర్గస్థులైరి' అని యున్నది. అంకె లేదు. మన సంవత్సరముల పేర్లును తాత పేర్ల వంటివే. అరువదేండ్లకొకసారి తిరిగి వచ్చును. రాయలసీమవారు ధాత యనగానే 1876 నాటి మహాక్షామమును తలచెదరు. మన గంజాం వారికి ధాత యనగానే 1936 తలపునకు వచ్చును. ఆ యేడు ఉగాది వెళ్ళిన కొలది దినములకే, ఏప్రిల్ 1న, మనము మద్రాసు రాజధానినుండి విడివడి ఒడిశాలో చేరితిమి. మరి మా సింహాచలం గారు పోయినది ఏ ధాతలో? మా తాతగారు 1944లో పోయిరని మా నాయనగారు స్వయముగా చెప్పియుండిరి గనుక ఇది 1876 నాటి మాట, అనగా ముత్తాతగారి తండ్రి మాట అని తేలినది. ఆ ఒక్క జ్ఞాపకమే లేకున్నచో తాతగారిని 1936లోనే చంపియుందును.

కార్యాలయమునకు కావలసిన కాగితము మరి కొలది దినములకే దొరికినది. 1912లో మా ముత్తవ్వగారు తన వాటా విషయమై వ్రాయించిన దస్తావేజు అది. అందు ఆమె 'కీర్తిశేషులైన జగన్నాథం గారి భార్య' అని తన్ను చెప్పుకొనెను. 1912 నాటికే కీర్తిశేషుడైనవాడు 1955లో జాగా కొనజాలడు గదా! ఉద్యోగి సంతోషముగా సంతకము చేసెను. పని ముగిసినది. అక్కడితో ఊరకుండవలసినది. కాని ఒక పేరు వెనుక మరియొక మనిషి కానవచ్చిన తరువాత మనస్సు ఊరకుండదు. ముత్తాతగారి బాల్యమును గూర్చి ఏమైన తెలియునేమో యని ఆ యేడే పూరీకి పోయి మా వంశపు పండాగారి ఇంట దిగితిని.

యాత్రికుల పేర్లు, ఊరు, వంశము వ్రాసి యుంచుట పండాలకు తరతరముల వృత్తిధర్మము. పాత పద్దులు చివికిపోగా వారు మరల ఎత్తి వ్రాసికొన్న పుస్తకమది. అందుచే వ్రాలు చూచి కాలము చెప్పుటకు వీలు లేకపోయెను. అందు బరంపురం వారి పుటలలో మా ఇంటిపేరు క్రింద ఈ పద్దు కనబడినది: 'సింహాచలం, భార్య అప్పలనరసమ్మ, కుమారుడు జగన్నాథం 6 ఏండ్లు, పింగళ సం. ఆషాఢము.'

నా సంతోషమునకు మేర లేకపోయెను. పింగళ యనగా 1857. మా ముత్తాతగారు పుట్టినది 1851లో. ఆరేండ్ల వయస్సు సరిగా సరిపోయినది. రైలు లేని ఆ దినములలో ఆరేండ్ల బిడ్డను వెంటబెట్టుకొని బండిమీదనో కాలినడకనో రథయాత్రకు వచ్చిన తల్లిదండ్రులను కన్నులార చూచినట్లయినది. పద్దును నకలు వ్రాసికొని మడిచి జేబులో పెట్టుకొంటిని. స్టేషనులో రైలు కొరకు కూర్చుండి మరల విప్పి చదివితిని. అప్పుడు గాని తల్లి పేరు నా కంటబడలేదు.

ముత్తాతగారి తల్లి పేరు పైడమ్మ. మా నాయనగారు తర్పణమున చెప్పెడి వరుసలో విని యెరుగుదును. అప్పలనరసమ్మ మా నాయనమ్మ.

అనగా పద్దులోని పింగళ 1857 కాదు, 1917. వచ్చినవారు మా తాతగారు, మా నాయనమ్మ, ఆరేండ్ల జగన్నాథం. కాని మా నాయనగారు పుట్టినది రౌద్రి సంవత్సరమున, 1920లో. జాతకము మా భోషాణములోనే యున్నది. పుట్టుటకు మూడేండ్ల ముందే ఆరేండ్లవాడై రథము చూచిన ఈ జగన్నాథం ఎవరు?

ఇంటికి పోక, ఆ రైలులోనే బరంపురము దాటి ఇచ్ఛాపురమున దిగితిని. సుమారు ఇరువదియైదు కిలోమీటర్ల దూరము. 1936లో గీచిన గీత మమ్ము ఇటు, మేనత్తను అటు చేసినది. ఆమె మా నాయనగారికి చెల్లెలు. అప్పటికి డెబ్బది మూడేండ్లు. పద్దు చదివి వినిపించితిని. చాలసేపు మాటాడలేదు. తరువాత ఇట్లనెను:

"వాడు మీ పెదనాయన రా. అమ్మకు తొలిచూలు. రథయాత్రకు తీసుకెళ్ళి వచ్చిన మరుసటి ఏడు జ్వరాల్లో పోయాడు. నాకు మొదటి బిడ్డ దక్కనప్పుడు అమ్మ వచ్చి నా పక్కన కూర్చుని చెప్పింది. అంతకుముందూ చెప్పలేదు, ఆ తరువాతా చెప్పలేదు. నువ్వు అడిగావు గనక చెప్తున్నాను."

కాళయుక్తి సంవత్సరము, 1918. మొదటి ప్రపంచయుద్ధము ముగియుచున్న ఆ శరదృతువున ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటికి మించిన ప్రాణములను బలిగొనినది. ఆ కోటిలో ఒకడు మా ఇంటి ఏడేండ్ల బాలుడు. ఉపనయనము కాని బిడ్డ గనుక మా ఇంటి ఆచారమున ఏటేట ఆబ్దికము లేదు. తిథి పంచాంగమున గుర్తు వేయలేదు. ఫోటో లేదు. రెండేండ్లకు మరియొక మగబిడ్డ పుట్టెను. ముత్తాతగారి పేరు ఇంట నిలువకుండునా? ఆ పేరే మరల పెట్టిరి. ఆ దినముతో ఆ బాలునకు మిగిలియున్న ఒక్క ఆస్తియు, అనగా పేరును, తమ్మునిదైపోయెను.

బిడ్డ దక్కని తల్లులు తరువాతి బిడ్డకు పెంటయ్య యనియో పిచ్చయ్య యనియో పేరు పెట్టి మృత్యువు కన్ను తప్పింపజూచుట మన ప్రాంతమున ఎరుగనివారు లేరు. మా నాయనగారు బడిలో జగన్నాథం. మా నాయనమ్మకు మాత్రము కడదాక పిచ్చయ్యయే. మామగారి పేరని పలుకదనుకొంటిమి. కోడలి మర్యాదకు ఆమెను ఊరంతయు మెచ్చుకొనెడివారు. మేనత్త దానికి తల అడ్డముగా ఆడించెను.

"మామగారి పేరూ నిజమే. కాని అది పైకి చెప్పుకొనే మాట. ఆ పేరు పెట్టి పిలిస్తే పెద్దవాడు పలుకుతాడేమోనని అమ్మకు భయం. పలకడేమోననీ భయమే."

అప్పుడు నాకొక సంగతి గుర్తునకు వచ్చినది. నాగులచవితి వెళ్ళిన మరునాడు మా నాయనమ్మ పరమాన్నము వండి, ఒక బాలుని పీట మీద కూర్చుండబెట్టి, విస్తరిలో తానే వడ్డించి తినిపించెడిది. అది ఏ వ్రతమో ఎవరును అడుగలేదు. 1957లో ఆ పీట నాది. పరమాన్నమున జీడిపప్పు ఎక్కువగా వేసి, తినుచున్నంతసేపు నన్నే చూచుచు కూర్చుండెను. మరుసటి యేడు నేనే పోయి పీట మీద కూర్చుంటిని. ఆమె నన్ను మెల్లగా లేపి, వీథిచివరి ఇంటి పిల్లవానిని పిలిపించెను. వాడు నాకన్న చిన్నవాడు. నేను అలిగి రెండు దినములు ఆమెతో మాటాడలేదు. "నీకు ఎనిమిదో ఏడు వచ్చింది కద నాయనా" అని మాత్రము ఆమె అనెను. ఆ మాటకు అర్థము నలువది యేండ్ల తరువాత ఇచ్ఛాపురమున తెలిసినది. ఆ పీట మీది బాలునకు ఎన్నడును ఎనిమిదవ యేడు రాదు. మా నాయనమ్మ 1962లో పోయినది. ఆమెతో ఆ పరమాన్నమును పోయినది.

పోయిన బిడ్డ పేరు తరువాతి బిడ్డకు పెట్టుట మనకే పరిమితము కాదు. హాలండు చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1853 మార్చి 30న పుట్టినవాడు. సరిగా ఒక యేడు ముందు అదే దినమున అదే తల్లికి ప్రాణము లేని బిడ్డ పుట్టెను. వానికిని పేరు విన్సెంట్. తండ్రి పనిచేయు చర్చి ఆవరణలోనే ఆ బిడ్డ సమాధి. దాని మీద చెక్కిన తన పేరు చూచుచునే చిత్రకారుడు పెరిగెను. అది చల్లని దృశ్యము కాదు. కాని అక్కడ ఒక రాయి యున్నది. మనము దహనము చేసి నీటిలో కలుపువారము, పసివారినైతే గురుతు లేకుండ పూడ్చువారము. మనకు రాయి లేదు, పేరే రాయి. ఆ రాయి మీద మరియొకరిని నిలిపినచో క్రింది మనిషి కానరాడు.

ఇందు మా తాతగారిని తప్పు పట్టను. తండ్రి పేరు నిలుపవలెనను భక్తియే ఆయనచే ఆ పని చేయించినది. ఒకరిని మరువకుండుటకు చేసిన పని మరియొకరిని మరపించినది, అంతే. అయితే దీనినుండి మనము నేర్చుకొనవలసినది కొంత కలదు. మన పిల్లలు నేడు హైదరాబాదున, బెంగుళూరున, సముద్రముల అవతల నున్నారు. వంశవృక్షము వ్రాసి పంపుమని అడుగుచున్నారు. మనము మగవారి పేర్లు ఒకదాని క్రింద నొకటి వ్రాసి పంపి ఊరకుందుము. అట్లు వ్రాసినది వృక్షము కాదు, నిట్రాట. ప్రతి పేరు ప్రక్కన తల్లి పేరు వ్రాయుడు. ఆమె పుట్టినిల్లు ఏ ఊరో వ్రాయుడు. సంవత్సరము పేరుతో పాటు అంకెయు వేయుడు. పొత్తిళ్ళలో పోయినవారిని, బడికి పోవుచు పోయినవారిని విడువకుడు. ఇంటిలో ముసలమ్మ యేటేట చేయు పనికి కారణమేమో, ఆమె యుండగనే అడుగుడు. నేను అడుగలేదు.

ఆ యేడు మహాలయ అమావాస్యకు ఋషికుల్య ఒడ్డున తర్పణము విడిచితిని. పితృవర్గమున మొదట మా నాయనగారు, జగన్నాథం. పిదప తాతగారు, సింహాచలం. పిదప ముత్తాతగారు, జగన్నాథం. తరువాతి వర్గములు ముగించి, కారుణ్య పితరుల వంతు రాగా, గోత్రము చెప్పి మరల జగన్నాథం అంటిని. పురోహితులు ఆగిరి.

"ఈ పేరు రెండుసార్లు అయినది గదా బాబూ" అనిరి.

"ఇతడు వేరండీ. మా పెదతండ్రి" అంటిని.

"వయస్సెంత?" అని అడిగిరి.

"ఏడేండ్లు" అంటిని.

ఆయన నా ముఖము చూచిరి. మరేమియు అడుగలేదు. నా దోసిట మరికొన్ని నువ్వులు వేసిరి.